అత్తమ్మ మాట ఫోన్‌కి ఎందుకు ఎక్కడం లేదు?

కొర్లగుంట_కోడలు
మా అత్తమ్మకు చూపు తగ్గింది. ఫోన్‌లో అక్షరాలు ఎంత పెద్దవి చేసినా పేర్లు కనిపించడం లేదు. అందుకని మా ఆయన కొత్త ఫోన్ కొని, నోటితో చెబితే కాల్ వెళ్లేలా పెట్టిచ్చి బెంగళూరు వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు మొదలైంది. ఆవిడ "పెద్దోడికి ఫోన్ కొట్టు" అంటుంది. అది తీరిగ్గా తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గరున్న ఫోన్ కొట్లన్నీ చూపిస్తుంది. "పెద్దోడు యాడుండాడో కనుక్కో" అంటే యూట్యూబ్ తెరిచి ఏదో కామెడీ పెడుతుంది. నేను టీవీలో వార్తలు చదివేదానిలా "పెద్దోడికి కాల్ చెయ్యి" అంటే మాత్రం ఠక్కున వెళుతుంది. "నువ్వు చెప్తే ఇంటాది, నేను చెప్తే ఇనదు, ఇది గూడా నీ పక్కమే" అని ఆవిడ అలిగి కూర్చుంది.

మన చిత్తూరు వైపు మాట ఈ ఫోన్లకు అసలు అర్థం కాదా? వాడే కొద్దీ నేర్చుకుంటుందా? లేక ఈ వయసులో ఆవిడే వార్తల భాష నేర్చుకోవాలా? "వేరే కంపెనీది కొను" అని మాత్రం చెప్పొద్దు, ఇంకో ఫోన్‌కి డబ్బుల్లేవు.

అలిపిరి_టాక్సీ
"ఇది గూడా నీ పక్కమే" హహ్హహ్హ. పొద్దున్నే నవ్వించారు.

పాకాల_జంక్షన్
మా ఇంట్లో ఉన్నది అలెక్సా లాంటి, మాట వినే స్పీకర్ డబ్బా. మా నాయన దాన్ని "ఏయ్ పాపా" అని పిలుస్తాడు. అది పలకదు. ఆయన వదలడు.

పెన్షన్_మాస్టారు
ఇందులో యంత్రాన్ని అనడానికి ఏముంది? ఉచ్చారణ సరిగ్గా ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది. "యాడుండాడో" అంటే పక్క జిల్లా వాడికే తెలియదు, యంత్రానికి ఏం తెలుస్తుంది? పిల్లలకు చిన్నప్పుడే స్పష్టంగా మాట్లాడటం నేర్పాలి.

పాకాల_జంక్షన్
మాస్టారూ, "యాడికి" అనకుండా మీరు ఒక పూట గడపండి చూద్దాం.

డీఎస్పీ_బాబాయ్
నా పేరు చూసి మళ్లీ ఎవరూ ట్రాఫిక్ చలానా గురించి అడగొద్దు. డీఎస్పీ అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, శబ్దం లాంటివాటిని అంకెలుగా మార్చి లెక్కగట్టే విద్య. నేను పోలీసును కాను.

కోడలు గారి ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. విడదీసి చెబుతాను, కొంచెం పొడవవుతుంది.

మైకు మీద పడే గాలి ఒత్తిడిని ఫోన్ సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఆ అంకెల వరుసను చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ముక్క పొడవు దాదాపు 25 మిల్లీసెకన్లు, కానీ 10 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున తీస్తుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కుతాయి. సెకనుకు వంద ముక్కలన్నమాట. ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలు) దగ్గర ఎంత బలం ఉందో చూస్తుంది. "ఆ" అంటే ఒక తీరు, "ఈ" అంటే ఇంకో తీరు, "స" అంటే పై ఫ్రీక్వెన్సీల్లో సుయ్‌మని గాలి. ఇక్కడి వరకు అత్తమ్మకూ వార్తల మనిషికీ జరిగేది ఒకటే.

తేడా వచ్చేది దీని తర్వాత. ఈ ముక్కల వరుస ఏ మాటలకు సరిపోయే అవకాశం ఎక్కువ అని లెక్క వేస్తుంది. ఆ లెక్కకు ఆధారం అంతకుముందు దానికి వినిపించిన రికార్డింగులు, చదివించిన రాతలు. అందులో "ఉన్నాడు" లక్షల సార్లు ఉండి, "ఉండాడు" ఎక్కడో ఒకచోట ఉంటే, మీ అత్తమ్మ ఎంత స్పష్టంగా "ఉండాడు" అన్నా అది తనకు అలవాటైన మాట వైపే లాక్కుపోతుంది. చెవి బాగానే ఉంది, ఊహ అటు మొగ్గింది. కాబట్టి మాస్టారు చెప్పే స్పష్టతకూ దీనికీ సంబంధం తక్కువ.

ఇక "ఫోన్ కొట్టు" సంగతి. దాన్ని అది సరిగ్గానే విన్నది, సరిగ్గానే రాసుకుంది. లేకపోతే ఫోన్ కొట్లు ఎలా చూపిస్తుంది? రాసుకున్నదాన్ని చూసి చేయాల్సిన పని ఏమిటో తేల్చే భాగం వేరే ఉంటుంది. పని ఏది, ఎవరికి, ఎప్పుడు అని గళ్లు నింపుకుంటుంది. అక్కడ "కొట్టు"ను దుకాణం అనుకుంది. తప్పు జరిగింది ఈ రెండో చోట.

కొర్లగుంట_కోడలు
ఇంత ఓపిగ్గా చెప్పినందుకు థాంక్స్ బాబాయ్ గారూ. అయితే ఆవిడ మాట వినిపించింది, అర్థమే కాలేదు అన్నమాట. ఈ సంగతి ఆవిడకు చెబితే నాకే తిట్లు.

అలిపిరి_టాక్సీ
బాబాయ్ చెప్పిన రెండో తప్పు నాకు బాగా అనుభవం. బండి నడుపుతూ మ్యాప్‌కి నోటితోనే చెబుతాను. ఒకసారి పార్టీని ఎక్కించుకుని "రామచంద్రాపురం" అన్నాను. మనకు ఇక్కడ తిరుపతి పక్కనే ఉన్న మండలం. అది గోదావరి జిల్లాల రామచంద్రపురానికి దారి చూపించింది, కొన్ని వందల కిలోమీటర్లు! వెనక సీట్లో పెద్దాయన "ఏం డ్రైవరూ, రాత్రికి చేరతామా" అని అడిగాడు. పేరు రాయడంలో తప్పేం లేదు, ఊరు మారింది అంతే. ఇప్పుడు "తిరుపతి రామచంద్రాపురం" అని ముందు ఊరు తగిలించి చెబుతున్నా.

తోతాపురి
నా గోడు వినండి. మామిడి కాలంలో దామలచెరువు మండీలో నిలబడితే రెండు చేతులకూ పని ఉంటుంది, టైపు కొట్టేంత తీరిక ఉండదు. వాట్సాప్‌లో మైకు నొక్కి తెలుగులో చెప్పేస్తా. "తోతాపురి రెండు లోడ్లు" అంటే "తోట పూరి రెండు లోడ్లు" అని పోయింది. అవతలి ఫ్యాక్టరీ ఆయన "పూరీకి కూర ఏంటి" అని పంపాడు. "బేనీషా" అంటే ఏం రాస్తుందో ఇక్కడ చెప్పలేను, ఆడవాళ్లు ఉన్నారు.

పాకాల_జంక్షన్
పూరీకి కూర ఏంటో చెప్పలేదు మీరు.

డీఎస్పీ_బాబాయ్
తోతాపురి గారిది మొదటి రకం తప్పు, చక్కని ఉదాహరణ కూడా. తెలుగుకు ఇక్కడ అదనంగా ఒక చిక్కుంది. ఇంగ్లీషుకు కొన్ని పదివేల మాటల జాబితా పెట్టుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. మనం "వస్తున్నాడంటగదా", "తెచ్చిపెట్టమన్నాడని" అని ఒకే గుక్కలో అంటాం. ఇలాంటివన్నీ జాబితా రాయాలంటే దానికి అంతుండదు. అందుకే ఇప్పటి సిస్టమ్‌లు మాటల్ని చిన్న ముక్కలుగా విడగొట్టి పెట్టుకుని, విన్నదాన్ని ఆ ముక్కలతో కూర్చుకుంటాయి. మంచి పద్ధతే. కానీ అరుదైన పేరు వస్తే, దాని బదులు తరచూ కనిపించే "తోట", "పూరి" గెలిచేస్తాయి.

నగరి_మగ్గం
మాది ఇంకో రకం. ఇంట్లో తెలుగు, మగ్గం దగ్గర తమిళం, రెండూ కలిపి మాట్లాడకపోతే మాకు మాట్లాడినట్టే ఉండదు. ఫోన్ భాష తెలుగులో పెడితే తమిళ మాటల్ని తెలుగు చేసేస్తుంది, తమిళంలో పెడితే తెలుగు మాటల్ని తమిళం చేసేస్తుంది. మా తమ్ముడు రెండూ వదిలేసి ఇంగ్లీషులో ఆర్డర్లు వేస్తున్నాడు. దాని ఇంగ్లీషుకూ వాడి ఇంగ్లీషుకూ అసలు కుదరదు.

ఇంకో డౌట్. పవర్‌లూమ్‌ల మోతలో మనిషి అరిచినా పక్కనున్నవాడికి వినపడదు. కానీ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చెబితే కొన్నిసార్లు సరిగ్గానే రాస్తుంది. అదే ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, టీవీ మాత్రం నడుస్తుంటే తప్పులు. ఇది ఎలా?

డీఎస్పీ_బాబాయ్
మగ్గం మోత ఒకే తీరుగా సాగుతుంది. ఆ తీరు ఏదో పసిగట్టి దాన్ని తగ్గించుకోవడం కొంత సులువు. నోటి దగ్గర పెట్టుకోవడం వల్ల మీ గొంతు బలంగా పడుతుంది, అది కూడా కలిసొచ్చింది. టీవీలో వచ్చేది మనిషి మాట. రెండు మాటల్లో ఏది యజమానిదో, ఏది సీరియల్ అత్తగారిదో దానికి ఎలా తెలుస్తుంది? అందుకే స్పీకర్ డబ్బాల్లో ఒక మైకుతో సరిపెట్టరు. 2014లో వచ్చిన మొదటి అమెజాన్ ఎకోలో ఏడు మైకులున్నాయి. ఒకే శబ్దం ఒక్కో మైకుకు ఒక్కో రవ్వ తేడాతో చేరుతుంది. ఆ తేడాను బట్టి మాట ఏ దిక్కు నుంచి వస్తుందో లెక్కగట్టి అటువైపు చెవి పెడుతుంది. అది తానే పాట పాడుతుంటే, ఆ పాటను తన మైకుల్లోంచి తీసేసుకుని మిగిలింది వింటుంది.

రెండు భాషలు కలిపి మాట్లాడే సమస్య మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. తెలుగు ఇంగ్లీషు కలిపితే ఇప్పుడు బాగానే పట్టుకుంటున్నాయి, ఎందుకంటే ఆ కలిపి మాట్లాడే రికార్డింగులు బోలెడున్నాయి. నగరి తెలుగు తమిళం కలిపిన రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి?

కుప్పం_ఎక్స్‌ప్రెస్
నగరికి రెండు భాషలే. మా కుప్పం సంతలో మూడు. ఫోన్ జేబులో పెట్టుకుని చేతులతో చెప్పుకుంటాం.

స్వర్ణముఖి_ఒడ్డు
ఇంత చర్చ జరుగుతోంది, రాజ్ రెడ్డి గారి పేరు ఎవరూ ఎత్తలేదేం? దబ్బల రాజగోపాల్ రెడ్డి, 1937లో మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ కాలేజీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో ఎంటెక్, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ. 1969 నుంచి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. కంప్యూటర్‌కు మాట వినిపించాలని అప్పట్లో పూనుకున్న కొద్దిమందిలో ఆయనొకరు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. కంప్యూటర్ రంగంలో అంతకన్నా పెద్ద అవార్డు లేదు. ఆసియా నుంచి అది అందుకున్న మొదటి మనిషి మన జిల్లా ఆయనే.

పాకాల_జంక్షన్
మన జిల్లా ఆయన నేర్పిన విద్య మన జిల్లా మాటకే రాలేదు. బాగుంది.

పెన్షన్_మాస్టారు
ఆయన చక్కగా చదువుకుని స్పష్టంగా మాట్లాడి ఉంటారు. అదే నేను చెప్పేది.

డీఎస్పీ_బాబాయ్
స్వర్ణముఖి గారు మంచి పేరు గుర్తు చేశారు. అయితే ఆయన ఒక్కరి వల్లే అంతా అయిపోయిందని వాట్సాప్‌లో తిప్పేస్తారేమో, కొంచెం వెనకా ముందూ చెబుతా.

1952లో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఆడ్రీ అనే యంత్రం చేశారు. అది అంకెల్ని మాత్రమే గుర్తుపట్టేది, అదీ ఒక మనిషి గొంతుకు సరిచేసి పెట్టుకుంటేనే. 1962లో సియాటిల్ ప్రదర్శనలో ఐబీఎం షూబాక్స్ అని పెట్టింది, 16 మాటలు వచ్చు దానికి. అంకెలు, "కలుపు", "తీసెయ్" లాంటివి. ఈ కాలంలోనే రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్‌లో చేరి, మాట మాటకూ ఆగకుండా మామూలుగా మాట్లాడితే గుర్తుపట్టడం మీద పని మొదలుపెట్టారు. అప్పటి కంప్యూటర్లతో ఆ మాట అనడమే సాహసం. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం చేసిన హియర్‌సే సిస్టమ్‌తో నోటితో చెప్పి చదరంగం ఆడించారు.

ఆ చదరంగం ఎందుకు ముఖ్యమంటే, బోర్డు మీద ఆ క్షణంలో చెల్లే ఎత్తులు కొన్నే ఉంటాయి. "గుర్రం" అన్నాడా "గు..." ఇంకేదో అన్నాడా అని తేలకపోతే, బోర్డు చూసి ఏది కుదురుతుందో అదే తీసుకోవచ్చు. వినడంలో ఉన్న లోటును, జరుగుతున్న పని గురించి తెలిసినదానితో పూడ్చుకోవడం. మీ అత్తమ్మ ఫోన్ కూడా నేటికీ చేసేది అదే పని, కాకపోతే చదరంగం బోర్డు బదులు దాని ముందు ఇంటర్నెట్ మొత్తం ఉంది. అందుకే కొట్లు చూపిస్తోంది.

1976 నాటికి అక్కడే హార్పీ అనే సిస్టమ్ వచ్చింది, దానికి 1,011 మాటలు వచ్చు. 1980ల చివర ఆయన శిష్యుడు కై ఫూ లీ చేసిన స్ఫింక్స్ ఎవరు మాట్లాడినా, ముందుగా గొంతు నేర్పకుండానే పట్టుకునేది. ఐబీఎంలో జెలినెక్ బృందం అంతకుముందే, 1970ల్లోనే వ్యాకరణ సూత్రాలు పక్కన పెట్టి సంభావ్యత లెక్కల దారి పట్టింది. 2010 తర్వాత న్యూరల్ నెట్‌వర్క్‌లు (బోలెడు ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌లు) వచ్చి పాత పద్ధతులను దాదాపు ఊడ్చేశాయి. తెలుగులో నోటితో టైపు చేసే వీలు గూగుల్ ఇచ్చింది 2017లో. ఆడ్రీ నుంచి లెక్కేస్తే 65 ఏళ్లు పట్టింది మన దాకా రావడానికి.

తోతాపురి
16 మాటల యంత్రమైతే నాకు చాలు. రేటు, లోడు, అంకెలు, "రేపిస్తా". మండీలో ఇంతకన్నా మాటలు అక్కర్లేదు.

సైలెంట్_రీడర్
ఎప్పుడూ రాయను, కానీ ఇది అడగాలి. మా ఇంట్లో డబ్బా రాత్రి టీవీ చూస్తుండగా దానంతట అదే వెలిగి "క్షమించండి, అర్థం కాలేదు" అంది. దాన్ని ఎవరూ పిలవలేదు. మా ఆవిడ భయపడి తీగ పీకేసింది. ఇరవై నాలుగ్గంటలూ వింటూ ఉంటుందా? మేం డబ్బుల గురించి మాట్లాడుకునేవన్నీ ఎటు పోతున్నాయి?

పాకాల_జంక్షన్
డబ్బులుంటే కదా బ్రదర్ భయం.

డీఎస్పీ_బాబాయ్
వింటూనే ఉంటుంది, ఇందులో దాపరికం లేదు. కానీ ఆ సమయంలో మెలకువగా ఉండేది ఒక చిన్న ప్రోగ్రామ్ మాత్రమే, పరికరం లోపలే. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ లాంటిది, మనం డబ్బాను పిలిచే పేరు ఒక్కటి తప్ప దానికి ఇంకేదీ పట్టదు. చివరి కొన్ని క్షణాల శబ్దాన్ని పెట్టుకుంటూ, పాతది చెరిపేస్తూ ఉంటుంది. ఆ పేరు వినిపించిందనుకున్నప్పుడే లైటు వెలిగి, ఆ తర్వాతి మాటలు కంపెనీ సర్వర్లకు వెళతాయి. చిక్కల్లా ఆ "అనుకున్నప్పుడు" దగ్గరే. టీవీలో ఆ పేరుకు దగ్గరగా ఏదైనా వినిపిస్తే లేస్తుంది. 2017లో అమెరికాలో బర్గర్ కింగ్ వాళ్లు టీవీ ప్రకటనలో కావాలనే "ఓకే గూగుల్" అనిపించారు, జనం ఇళ్లలో ఉన్న డబ్బాలు లేచి బర్గర్ గురించి చదవడం మొదలుపెట్టాయి.

మీ యాప్‌లోకి వెళ్లి చూస్తే అది ఏమేం విన్నదో జాబితా ఉంటుంది, చెరిపేయొచ్చు. మైకు ఆపే బటన్ డబ్బా మీదే ఉంటుంది. డబ్బుల మాటలప్పుడు అది నొక్కండి, తీగ పీకక్కర్లేదు.

ఎంఆర్‌పల్లి_అమ్మ
గంగమ్మ జాతరప్పుడు మైకుసెట్ల మోతకు మా డబ్బా ఎన్నిసార్లు లేచిందో. ఒకసారి అడక్కుండానే రేపటి వాతావరణం చెప్పింది.

ఇంకొకటి. మా నాలుగేళ్ల పాప చెబితే అసలు పట్టుకోదు. వాళ్ల అన్నయ్య చెబితే వింటుంది. పాప ఏడుపు.

డీఎస్పీ_బాబాయ్
చిన్నపిల్లల గొంతు గొట్టం పొట్టిది, అందువల్ల ఫ్రీక్వెన్సీలన్నీ పైకి జరుగుతాయి. పైగా మాటలు ఇంకా కుదురుకుని ఉండవు. నేర్పిన రికార్డింగుల్లో ఎక్కువ పెద్దవాళ్లవే. ముసలివాళ్లకూ ఇదే ఇబ్బంది ఇంకో వైపు నుంచి.

ముసలివాళ్లంటే గుర్తొచ్చింది. కోడలు గారూ, మీ అత్తమ్మ మధ్యలో ఆగుతారా? "పెద్దోడికీ..." అని ఆగి, ఊపిరి తీసుకుని "ఫోన్ చెయ్" అంటారా?

కొర్లగుంట_కోడలు
అయ్యో, అచ్చం అంతే! మధ్యలో నా వైపు తిరిగి "వాడు తిన్యాడో లేదో" అని కూడా అంటుంది. మీరెలా కనిపెట్టారు?

డీఎస్పీ_బాబాయ్
మా అమ్మ కూడా అంతే మాట్లాడుతుంది. మాట ముగిసిందని ఫోన్‌కు ఎవరూ చెప్పరు కదా, కొంచెంసేపు నిశ్శబ్దం వస్తే అయిపోయిందనుకుంటుంది. "పెద్దోడికీ" దగ్గరే తలుపు మూసేసి, ఆ ఒక్క మాటతో వెతుకుతుంది. మీ యూట్యూబ్ కామెడీ బహుశా అక్కడి నుంచే వచ్చింది. ఫోన్ ముందు ఊపిరి బిగబట్టి గబగబా చెప్పమంటే పెద్దవాళ్లకు టెన్షన్, ఇంకా తడబడతారు.

అందుకని ఇలా చేయండి. కాంటాక్ట్‌లో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండి ఉంటుంది. దాన్ని తెలుగు అక్షరాల్లో "పెద్దోడు" అని మార్చండి. చాలా ఫోన్లలో ముద్దుపేరు రాసే గడి కూడా ఉంటుంది, అక్కడా రాయండి. కాల్ చేసేటప్పుడు ఫోన్ మీ కాంటాక్ట్‌ల జాబితాలోని పేర్లకు ఎక్కువ మార్కులు వేసుకుంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండకుండా చూడండి, "పెద్దోడు", "పెద్దామె" రెండూ ఉంటే మళ్లీ గొడవ. ఆవిడకు "ఫోన్ కొట్టు" బదులు "ఫోన్ చెయ్" అలవాటైతే సగం బాధ తీరుతుంది. మొత్తం వార్తల భాష నేర్చుకోనక్కర్లేదు.

వాడే కొద్దీ నేర్చుకుంటుందా అని అడిగారు. చాలా కొద్దిగా. పేర్లు, మీరు దిద్దిన కొన్ని మాటలు గుర్తుంచుకోవచ్చు. మాటల్ని గుర్తుపట్టే అసలు పెద్ద ప్రోగ్రామ్, మోడల్ అంటారు, మీ ఇంట్లో మారదు, కంపెనీ వాళ్లు మారిస్తేనే. మొదట్లో మీ చేత కొన్నిసార్లు పిలిపించుకుని "మీ గొంతు గుర్తుపట్టాను" అంటుంది చూడండి, అది మాట్లాడేది ఎవరో తేల్చడానికి. ఏం మాట్లాడారో తేల్చడం దాని పని కాదు.

పెన్షన్_మాస్టారు
నాదొక సందేహం. ఒక ఆఫీసు నంబరుకు ఫోన్ చేస్తే "మీ సమస్య చెప్పండి" అంటుంది యంత్రం. నేను ఎంతో స్పష్టంగా చెప్పాను. మళ్లీ చెప్పండి, మళ్లీ చెప్పండి అని విసిగించి పెట్టేసింది. నా ఉచ్చారణలో లోపం ఉండే అవకాశం లేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను.

పాకాల_జంక్షన్
మాస్టారూ, పిల్లలకు చిన్నప్పుడే స్పష్టంగా...

అలిపిరి_టాక్సీ
పాకాలా, ఆగు. పెద్దాయన.

డీఎస్పీ_బాబాయ్
మాస్టారి ఉచ్చారణది కాదు తప్పు, ఫోన్ లైనుది. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. ఇందాక చెప్పిన "స" బలమంతా అంతకన్నా పైన. అది తెగిపోతే "స", "ఫ" ఒకేలా వినిపిస్తాయి. మనుషులు ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు "స అంటే సీత స" అని చెప్పుకునేది అందుకే. యంత్రం అయోమయంలో పడితే అంకె నొక్కే దారి ఉందేమో వినండి, చాలాచోట్ల ఉంటుంది.

పెన్షన్_మాస్టారు
లైనుదే అని నాకు ముందే అనుమానం.

నగరి_మగ్గం
సరే, అసలు దారి ఏంటి? మన మాట రికార్డింగులు లేవు కాబట్టి రాదు అంటున్నారు. మరి మనమే ఇవ్వొచ్చు కదా?

స్వర్ణముఖి_ఒడ్డు
ఇవ్వొచ్చు. కంప్యూటర్లకు మన భాషలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే పథకం మొదలుపెట్టింది. అందులో భాషాదాన్ అని ఉంది, "బోలో ఇండియా"లోకి వెళితే వాక్యం చూపిస్తుంది, చదివి రికార్డు చేసి ఇవ్వాలి. ఎవరైనా చేయొచ్చు. మద్రాసు ఐఐటీలో ఏఐ4భారత్ వాళ్లు కూడా మన భాషల మీద మంచి పని చేస్తున్నారు, చేసినవి అందరికీ ఉచితంగా పెడుతున్నారు.

కుప్పం_ఎక్స్‌ప్రెస్
మన గొంతులు ఊరికే ఇచ్చేస్తే, రేపు దాంతోనే కంపెనీ వాడు యాప్ చేసి మనకే అమ్ముతాడు. నేను ఇవ్వను.

స్వర్ణముఖి_ఒడ్డు
ఇవ్వకపోతే అది మన మాట ఎప్పటికీ నేర్చుకోదు. అప్పుడూ డబ్బులు పెట్టి అదే యాప్ కొంటావు, పైగా అది నీ మాట వినదు.

డీఎస్పీ_బాబాయ్
ఇద్దరి మాటలోనూ నిజముంది, కానీ అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. చదివి రికార్డు చేసే పద్ధతిలో తెర మీద "అతను ఎక్కడ ఉన్నాడు" అని కనిపిస్తే, మన కుప్పం ఆయనైనా అదే చదువుతాడు. గొంతు చిత్తూరుది, మాట పుస్తకంది. "యాడుండాడు" అలా ఎప్పటికీ రాదు. మనుషులు మామూలుగా మాట్లాడుకుంటుండగా రికార్డు చేసి, అన్నది అన్నట్టు రాయించాలి. "ఉండాడు" అంటే "ఉండాడు" అనే రాయాలి, "ఉన్నాడు" అని దిద్దకూడదు. ఈ రాత పనికి మనుషులు, డబ్బు, ఓపిక చాలా కావాలి. దిద్దే చెయ్యి ఊరుకోదు కూడా.

పరిమాణం కూడా చూడండి. 2022లో వచ్చిన, మాటను రాతగా మార్చే విస్పర్ అనే మోడల్‌కు 6,80,000 గంటల శబ్దం వినిపించారు. ఇంగ్లీషు కాకుండా మిగతా 96 భాషలకు కలిపి అందులో వచ్చింది 1,17,000 గంటలు. వాటిలో తెలుగు ఒకటి, తెలుగులో రాయలసీమ ఎంత, అందులో మన మూల ఎంత, మీరే ఊహించుకోండి.

పాకాల_జంక్షన్
దామలచెరువు మండీలో ఒక్క పూట మైకు పెడితే వెయ్యి గంటలకు సరిపడా మాటలొస్తాయి. సగం బీప్ వేయాలి.

తోతాపురి
బేనీషా సంగతి అక్కడే తేలుతుంది.

కొర్లగుంట_కోడలు
అప్‌డేట్. పేరు తెలుగులో మార్చాను. "పెద్దోడికి ఫోన్ చెయ్" చక్కగా వెళుతోంది, ఆగకుండా అంటే. మా ఆడపడుచు పేరు మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు, ఎవరో ప్లంబర్‌కు పోతోంది. ఆయన మంచివాడు, నిన్న ఆవిడతో కాసేపు కుళాయి గురించి మాట్లాడాడంట.

డీఎస్పీ_బాబాయ్
ప్లంబర్ పేరు వెనక "కుళాయి" అని తగిలించండి, దూరమవుతుంది. ఆడపడుచు గారిని ఇంట్లో ఎలా పిలుస్తారో అదే రాయండి. కుదరకపోతే ఆమె నంబర్‌ను హోమ్ స్క్రీన్ మీద పెద్ద ఫొటోతో పెట్టేయండి. అన్నీ నోటితోనే అవ్వాలని లేదు.

అలిపిరి_టాక్సీ
బాబాయ్, చివరిగా నాది. కొండ దారుల్లో సిగ్నల్ పోయిన చోట మాట అసలు తీసుకోవడం లేదు. నెట్ లేకపోతే అంతేనా?

డీఎస్పీ_బాబాయ్
చాలా ఫోన్లు మాటను సర్వర్‌కు పంపి అక్కడ రాయించుకుంటాయి, అందుకే. కొన్ని భాషలకు ఫోన్‌లోనే పనిచేసే ప్యాక్ ఉంటుంది. వాయిస్ టైపింగ్ సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్ అని ఉంటుంది, ఆ జాబితాలో నీ భాష కనిపిస్తే వైఫై ఉన్నప్పుడు దించుకో. మ్యాప్ కూడా ఏరియా మొత్తం ముందే దించుకోవాలి, లేకపోతే మాట విన్నా దారి చూపించదు. మలుపుల దగ్గర మాత్రం ఫోన్‌తో మాట్లాడకు.

అలిపిరి_టాక్సీ
సరే. రేణిగుంట ట్రిప్ ఒకటుంది, అది అయ్యాక చూస్తా. ఆ సెట్టింగ్ దొరక్కపోతే ఫొటో తీసి ఇక్కడ పెడతా.